మూత్రం బాగానే వస్తోంది... మరి కిడ్నీలు బాగున్నట్టేనా?

'బీపీ ఉంది, షుగర్ ఉంది. కిడ్నీ పరీక్షలు ఎప్పుడైనా చేయించారా?' అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. 'ఎందుకండీ, మూత్రం బాగానే వస్తోందిగా!' ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఈ మాట వినని రోజు ఉండదు. నిజానికి మూత్రం ధారాళంగా రావటానికీ కిడ్నీలు ఆరోగ్యంగా ఉండటానికీ మధ్య మనం అనుకునేంత సంబంధం లేదు. కిడ్నీల సామర్థ్యం మూడొంతులు తగ్గిపోయినా మూత్రం రోజూ వచ్చినంతే రావొచ్చు. నొప్పి ఉండదు, మంట ఉండదు. తీరా కాళ్లు వాచి, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చేసరికి డయాలసిస్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఎందుకిలా? ఇది అర్థం కావాలంటే ముందు మూత్రం ఎలా తయారవుతుందో తెలియాలి. అది తెలిస్తే రిపోర్టులో కనిపించే ఈజీఎఫ్ఆర్, అల్బుమిన్, హైడ్రోనెఫ్రోసిస్ వంటి మాటలూ అంతగా కంగారు పెట్టవు.

గుప్పెడంత అవయవం... రోజుకు 180 లీటర్ల వడపోత

కిడ్నీలు నడుము దగ్గర ఉంటాయని చాలామంది అనుకుంటారు. అవి ఇంకాస్త పైన, వీపు వైపు, పక్కటెముకల చివర్ల దగ్గర, వెన్నెముకకు చెరో పక్కన ఉంటాయి. కుడివైపు పైన కాలేయం ఉంటుంది కాబట్టి కుడి కిడ్నీ కాస్త కిందికి ఉంటుంది. ఒక్కోటి సుమారు 10-12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు. రెండూ కలిపినా ఒంటి బరువులో అర శాతమే. కానీ గుండె నిమిషానికి పంపు చేసే 5 లీటర్ల రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే సుమారు ఒక లీటరు, నేరుగా వీటికే వస్తుంది. ఇంత రక్తం తమ పోషణ కోసం కాదు. ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తాన్ని శుభ్రం చెయ్యటం కోసం.

ఈ పని చేసేవి నెఫ్రాన్లు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి నెఫ్రాన్‌లో రెండు భాగాలు. మొదటిది వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉండలా చుట్టుకున్న గ్లోమెరులస్. ఇది జల్లెడ. రెండోది దాని నుంచి మొదలై మెలికలు తిరుగుతూ సాగే సన్నటి గొట్టం. దీన్ని ట్యూబ్యూల్ అంటారు. పుట్టిన తర్వాత ఒక్క నెఫ్రాన్ కూడా కొత్తగా ఏర్పడదు. ఉన్నవాటితోనే జీవితాంతం నెట్టుకురావాలి.

రక్తం గ్లోమెరులస్‌లోకి రాగానే దానిలోని నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా, క్రియాటినిన్ వంటి చిన్న పదార్థాలు జల్లెడలోంచి కిందికి దిగుతాయి. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, అల్బుమిన్ అనే ప్రొటీన్ వంటి పెద్దవి రక్తంలోనే ఉండిపోతాయి. రెండు కిడ్నీల్లోని జల్లెడలన్నీ కలిసి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయన్న లెక్కే గ్లోమెరులర్ ఫిల్ట్రేషన్ రేట్. పొట్టిగా జీఎఫ్ఆర్. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఇది నిమిషానికి సుమారు 125 మి.లీ. అంటే రోజుకు 180 లీటర్లు!

భోగికి ఇల్లు దులిపినట్టు...

180 లీటర్లు వడకడితే మనం విసర్జించేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా ఏమవుతోంది?

భోగికి ముందు ఇల్లు దులపటం గుర్తు తెచ్చుకోండి. ఏది చెత్తో ఏది అవసరమో గదిలో నిలబడి ఏరుతూ కూర్చోం. సామానంతా వాకిట్లోకి తెచ్చేస్తాం. తర్వాత పనికొచ్చేవి ఒక్కొక్కటీ లోపలికి చేరుస్తాం. మిగిలింది భోగి మంటకు పోతుంది. కిడ్నీ పద్ధతీ ఇదే. గ్లోమెరులస్ దాదాపు అన్నింటినీ బయటకు వదిలేస్తుంది. ట్యూబ్యూల్ అందులోంచి కావలసినవి వెనక్కి తీసుకుంటుంది.

గొట్టం మొదటి భాగంలోనే గ్లూకోజు మొత్తం, నీరు, ఉప్పుల్లో మూడింట రెండొంతులు తిరిగి రక్తంలో కలిసిపోతాయి. ఆ తర్వాత హెయిర్‌పిన్ ఆకారంలో కిందికి దిగి పైకి లేచే వంపు వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెన్లీ పేరు మీద దీన్ని హెన్లీ వంపు అంటారు. మూత్రాన్ని చిక్కబరిచే ఏర్పాటు ఇక్కడుంటుంది. చివరి భాగంలో లెక్కలు సరిచూసే పని జరుగుతుంది. ఎండలో తిరిగి వచ్చి నీళ్లు తాగకపోతే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఏడీహెచ్ హార్మోన్ విడుదలవుతుంది. 'నీళ్లు వదలొద్దు, వెనక్కి తీసుకో' అన్న సందేశమది. దాంతో మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగులో వస్తుంది. రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగితే ఏడీహెచ్ తగ్గి, మూత్రం తెల్లగా, ఎక్కువగా వస్తుంది. పొటాషియం ఎంత పోవాలి, ఆమ్లం ఎంత పోవాలి అన్నదీ ఇక్కడే తేలుతుంది.

రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవటం గొట్టాలకు సాధ్యం కాదు. మిగిలిపోయింది మూత్రంలోకి వస్తుంది. మూత్రంలో చక్కెర కనిపించేది అందుకే. అది తనతో పాటు నీటినీ లాక్కుపోతుంది. షుగర్ అదుపు తప్పినవారు మాటిమాటికీ మూత్రానికి వెళ్లటం, విపరీతంగా దాహం వెయ్యటం వెనకున్న కారణమిదే.

అందుకే మూత్రాన్ని చూసి చెప్పలేం

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. ఒకరి జీఎఫ్ఆర్ బాగా పడిపోయి నిమిషానికి 10 మి.లీ. అయ్యిందనుకుందాం. డయాలసిస్ దాకా వచ్చిన పరిస్థితి. అప్పుడు కూడా జల్లెడలోంచి దిగే నీరు నిమిషానికి 10 చొప్పున రోజుకు 14 లీటర్ల పైమాటే. అందులోంచి రెండు లీటర్లు మూత్రంగా బయటికి రావటం పెద్ద విషయమేమీ కాదు. గొట్టాలు వెనక్కి తీసుకోవటం కాస్త తగ్గిస్తే సరిపోతుంది. కిడ్నీ సరిగ్గా ఆ పనే చేస్తుంది. నెఫ్రాన్లు తగ్గేకొద్దీ మిగిలినవి ఎక్కువ పని నెత్తినేసుకుంటాయి. దాంతో నీళ్లు పోతూనే ఉంటాయి. చెత్త మాత్రం పూర్తిగా పోదు.

పైగా దెబ్బతిన్న కిడ్నీకి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గిపోతుంది. కాబట్టి తెల్లగా, నీళ్లలా ఎక్కువే రావొచ్చు. రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాల్సి రావొచ్చు. దీన్ని నొక్టూరియా అంటారు. ఇది షుగర్ వల్లో, ప్రోస్టేట్ వాపు వల్లో, పడుకునే ముందు ఎక్కువ నీళ్లు తాగటం వల్లో కూడా రావొచ్చు. అందుకని కంగారు పడాల్సిన పని లేదుగానీ పరీక్ష మాత్రం చేయించుకోవాలి.

నడుం నొప్పి సంగతీ ఇంతే. నడుం పట్టేసిందని కిడ్నీ స్కానింగ్ చేయించుకునేవారు ఎందరో. ఎక్కువ నడుం నొప్పులు కండరాలు, వెన్నుపూసల నుంచి వచ్చేవే. కిడ్నీలో రాయి అడ్డం పడినప్పుడో, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో నొప్పి వస్తుందిగానీ షుగర్, బీపీ వల్ల ఏళ్ల తరబడి కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు ఏ నొప్పీ ఉండదు.

వడపోత ఒక్కటే కాదు

కిడ్నీ దెబ్బతింటే లక్షణాలు మూత్రంలో కంటే మిగతా ఒంట్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఎందుకంటే వీటికి ఇంకా చాలా పనులున్నాయి.

• రక్తం: ఎముక మజ్జ ఎర్ర కణాలను తయారు చెయ్యాలంటే ఎరిత్రోపొయిటిన్ హార్మోన్ కావాలి. దాన్ని ప్రధానంగా ఇచ్చేది కిడ్నీలే. ఇది తగ్గితే రక్తహీనత వస్తుంది. ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే ఒకసారి క్రియాటినిన్ చూడటం మంచిది.

• ఎముకలు: విటమిన్ డి ఒంటికి పనికొచ్చే చురుకైన రూపంలోకి మారేది కిడ్నీలోనే. ఇది తగ్గి, ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు బలహీనపడతాయి. దురద రావొచ్చు.

• రక్తపోటు: కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. దాని ద్వారా, ఉప్పును పట్టి ఉంచటం ద్వారా బీపీని శాసిస్తాయి. బీపీ కిడ్నీని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ బీపీని పెంచుతుంది. ఇదొక విషవలయం. చిన్న వయసులోనే బీపీ వచ్చినా, మూడు రకాల మాత్రలకూ తగ్గకపోయినా కిడ్నీలను పరీక్షించటం అందుకే.

• పొటాషియం, ఆమ్లం: ఈ రెండూ హద్దుల్లో లేకపోతే గుండె లయ తప్పుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది.

వ్యర్థాలు బాగా పేరుకుపోయిన స్థితిని యురీమియా అంటారు. ఆకలి చచ్చిపోవటం, పొద్దున్నే వాంతి వచ్చినట్టు ఉండటం, నోట్లో అదోరకం వాసన, ఏ పని మీదా మనసు నిలవకపోవటం... ఇవన్నీ దాని లక్షణాలు. వీటిని గ్యాస్ అనుకుని, నీరసం అనుకుని మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటుంటారు.

కిడ్నీ దాటాక... దారిలో అడ్డంకులు

నెఫ్రాన్ల నుంచి వచ్చిన మూత్రం కిడ్నీ మధ్యలోని గరాటులాంటి పెల్విస్‌లోకి చేరుతుంది. అక్కడి నుంచి యురేటర్ అనే గొట్టం ద్వారా మూత్రాశయానికి దిగుతుంది. యురేటర్ పొడవు 25-30 సెంటీమీటర్లు. ఇందులో సహజంగానే మూడు ఇరుకు చోట్లుంటాయి. కిడ్నీ నుంచి మొదలయ్యే చోటు, కటి ఎముకను దాటే చోటు, మూత్రాశయంలోకి చొచ్చుకుపోయే చోటు. రాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఇరుక్కున్న రాయిని కిందికి తోసెయ్యాలని గొట్టం బలంగా ముడుచుకుంటుంది. పక్కటెముకల కింద మొదలై గజ్జల దాకా పాకే ఆ భరించలేని నొప్పి దాని ఫలితమే. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బితే దాన్ని హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. విచిత్రం ఏమిటంటే, కొన్నిసార్లు నొప్పి తగ్గిపోయినా రాయి అక్కడే ఉండి కిడ్నీని నెమ్మదిగా దెబ్బతీస్తుంటుంది. అందుకే నొప్పి పోయింది కదా అని వదిలెయ్యకుండా రాయి పడిపోయిందని స్కానింగ్‌తో నిర్ధారించుకోవాలి.

మూత్రాశయం 400-500 మి.లీ. పట్టే కండరాల సంచి. సగం నిండేసరికే 'వెళ్లాలి' అనిపిస్తుంది. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని ఆడపిల్లలూ, వీలు దొరకదని ఉద్యోగినులూ గంటల తరబడి బిగబట్టుకుంటారు. నీళ్లు తాగటమే మానేస్తారు. అది ఇన్ఫెక్షన్‌కు దారి. స్త్రీలలో మూత్రమార్గం సుమారు 4 సెంటీమీటర్లే, పురుషుల్లో 20. మలద్వారం దగ్గరుండే ఈ.కోలై బ్యాక్టీరియాకు స్త్రీలలో దారి చాలా దగ్గర. ఇన్ఫెక్షన్ మూత్రాశయానికే పరిమితమైతే సిస్టైటిస్. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించటం దీని లక్షణాలు. కిడ్నీదాకా పాకితే పైలోనెఫ్రైటిస్. చలితో తీవ్ర జ్వరం, వీపు పక్కన నొప్పి, వాంతులు వస్తాయి. ఇది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు.

పురుషుల్లో మూత్రాశయం కిందే ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. 50 దాటాక ఇది పెరిగి మార్గాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, పోసుకున్నా ఇంకా మిగిలినట్టుంటుంది. 'వయసు మీద పడింది కదా, ఇంతే' అని ఇంట్లో పెద్దాయన సర్దుకుపోతుంటే పిల్లలు ఊరుకోకూడదు. ఏళ్ల తరబడి మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోతే ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు చెడిపోతాయి. ఇది ముందే గుర్తిస్తే పూర్తిగా ఆపగలిగిన నష్టం.

జల్లెడ పనితీరు, గొట్టాల జబ్బులు, నెఫ్రైటిస్, డయాలసిస్ వంటివి నెఫ్రాలజిస్టు చూస్తారు. రాళ్లు, ప్రోస్టేట్, అడ్డంకులు, శస్త్రచికిత్సలు యూరాలజిస్టు పని. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే ముందు జనరల్ ఫిజీషియన్‌ను కలిస్తే చాలు.

తేల్చిచెప్పేవి రెండే పరీక్షలు

ఖరీదైన ప్యాకేజీలు అక్కర్లేదు. కిడ్నీల సంగతి చెప్పటానికి ప్రధానంగా రెండు పరీక్షలు కావాలి. ఒకటి రక్తంతో, మరోటి మూత్రంతో. ఒకటి చేస్తే సరిపోదు, రెండూ కావాలి.

1. సీరం క్రియాటినిన్, దాన్నుంచి ఈజీఎఫ్ఆర్: క్రియాటినిన్ మన కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం. జల్లెడ నెమ్మదిస్తే రక్తంలో పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో మామూలు పరిధి పురుషులకు 0.7-1.3, స్త్రీలకు 0.6-1.1 వరకు రాస్తారు. చిక్కేమిటంటే... ఒకరికి ఎప్పుడూ 0.6 ఉండేదనుకోండి. అది 1.2కు చేరిందంటే వడపోత దాదాపు సగానికి పడిపోయినట్టే. కానీ అంకె పరిధికి అటూ ఇటూగానే కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అందుకే పాత రిపోర్టులు పారెయ్యొద్దు. ఈసారి అంకె ఎంత అన్నదానికంటే పోయినేడాదితో పోలిస్తే ఎలా మారింది అన్నదే ముఖ్యం.

కండలు ఎక్కువుంటే క్రియాటినిన్ కాస్త ఎక్కువ, వయసు మీదపడి బక్కచిక్కితే తక్కువ. కాబట్టి వయసు, స్త్రీపురుష భేదం కలిపి లెక్కగట్టిన అంచనా జీఎఫ్ఆర్‌నే ఈజీఎఫ్ఆర్ అంటాం. ఒక ఉదాహరణ చూడండి. పాతికేళ్ల అబ్బాయికి క్రియాటినిన్ 1.1 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 95. అదే 1.1 ఆ ఇంట్లోని 62 ఏళ్ల నాయనమ్మకు ఉంటే సుమారు 57. అంకె ఒక్కటే, అర్థం మాత్రం వేరు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ వెయ్యకపోతే డాక్టర్ని అడగండి. నిమిషంలో లెక్క కట్టి చెబుతారు.

ఈజీఎఫ్ఆర్ 90, ఆపైన ఉంటే వడపోత బాగున్నట్టు. 60-89 అయితే మూత్ర పరీక్ష కూడా బాగుంటే అంతగా దిగులు లేదు. వయసుతో ఇది కొంత తగ్గటం సహజం. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాల కిడ్నీ జబ్బు. 30 కంటే తగ్గితే తప్పనిసరిగా నెఫ్రాలజిస్టు పర్యవేక్షణ కావాలి. 15 కంటే తగ్గితే చివరి దశ. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన ముద్ర వెయ్యరు. విరేచనాలు, జ్వరం, నీరు తగ్గటం వల్ల కూడా తాత్కాలికంగా పడిపోవచ్చు. మళ్లీ చేయించి చూడాలి.

2. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి: దీన్ని ఏసీఆర్ అంటారు. జల్లెడ కంతలు పెద్దవైతే పిండితో పాటు నూక కూడా దిగినట్టు, గ్లోమెరులస్ దెబ్బతింటే రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ మూత్రంలోకి జారుతుంది. మూత్రంలో సుద్ద పోవటం అంటే ఇదే. 30 లోపు మామూలు. 30-300 అయితే హెచ్చరిక. 300 దాటితే జల్లెడ బాగా దెబ్బతిన్నట్టు. షుగర్ ఉన్నవారిలో ఎక్కువగా ముందు బయటపడేది ఇదే. క్రియాటినిన్ పెరగటానికి ఏళ్ల ముందే కనిపిస్తుంది. మందులతో తగ్గించుకోగల దశా ఇదే. పొద్దున లేవగానే వచ్చే మూత్రం దీనికి మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడూ, బాగా వ్యాయామం చేసిన వెంటనేా చేయించుకోకూడదు. నురగ ఎక్కువగా వచ్చి, నీళ్లు పోసినా పోకపోతే సుద్దను అనుమానించాలి.

రిపోర్టులో మాటలు... వాటి అర్థాలు

మామూలు మూత్ర పరీక్ష

• స్పెసిఫిక్ గ్రావిటీ: మూత్రం చిక్కదనం. 1.005-1.030 మధ్య తాగిన నీటిని బట్టి మారుతుంది.
• పస్ సెల్స్: చీము కణాలు. 5 వరకు ఉండొచ్చు. మంట, జ్వరం ఏమీ లేకుండా ఇవి కాస్త ఎక్కువున్నంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. గర్భిణుల సంగతి మాత్రం వేరు. వారికి కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా కనిపిస్తే లక్షణాలు లేకున్నా చికిత్స చెయ్యాలి.
• ఎపిథీలియల్ సెల్స్: చర్మపు పొర కణాలు. ఎక్కువుంటే సాధారణంగా నమూనా సరిగా పట్టలేదనే అర్థం. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి.
• ఆర్‌బీసీ: ఎర్ర కణాలు. ఒకటీ అరా ఉండొచ్చు. ఎక్కువుంటే హెమటూరియా. రాయి, ఇన్ఫెక్షన్, నెఫ్రైటిస్, కణితి ఏదైనా కావొచ్చు.
• కాస్ట్స్: గొట్టాల్లో గడ్డకట్టి అచ్చుపోసినట్టు వచ్చే పదార్థం. ఎర్ర కణాల కాస్ట్స్ కనిపిస్తే జల్లెడలో వాపు ఉందని అర్థం.
• షుగర్: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకునేవారికి రక్తంలో షుగర్ బాగున్నా మూత్రంలో బోలెడంత కనిపిస్తుంది. అది ఆ మందు పని తీరు. భయపడొద్దు.

స్కానింగ్

• సీఎండీ మెయింటెయిన్డ్: కిడ్నీ పై పొరకూ లోపలి పొరకూ తేడా స్పష్టంగా ఉందని. ఇది మంచి మాట. లాస్ట్ అని ఉంటే దీర్ఘకాల జబ్బును సూచిస్తుంది.
• గ్రేడ్-1 ఆర్‌పీడీ: కిడ్నీ కండ స్కానింగ్‌లో కాస్త తెల్లగా కనిపించిందని. దీన్ని ఒక్కదాన్నే చూసి కిడ్నీ పోయిందనుకోవద్దు. ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్ చూస్తేనే తెలుస్తుంది.
• సింపుల్ సిస్ట్: నీటి తిత్తి. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో కనిపిస్తుంది, సాధారణంగా హాని చెయ్యదు.
• పీవీఆర్: మూత్రం పోశాక మిగిలిపోయినది. 50 మి.లీ. లోపు అయితే మామూలే.

ఉద్దానం నేర్పుతున్న పాఠం

కిడ్నీ జబ్బంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, కొబ్బరి, జీడి తోటల మధ్య, షుగర్ లేనివారిలో కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. శ్రీలంకలోని వ్యవసాయ ప్రాంతాల్లో, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఫలానాది కారణమని ఎక్కడా తేలలేదు. తాగునీరు, పురుగుమందులు, ఎండలో నీళ్లు లేకుండా చాకిరీ, నొప్పి మాత్రలు... ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. ఈ జబ్బు ముందు గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. జల్లెడ చాలాకాలం నిలబడే ఉంటుంది కాబట్టి సుద్ద పెద్దగా పోదు. వాపు రాదు. మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే దొరకదు, రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. షుగర్ జబ్బులో చాలావరకు దీనికి తిరకాసు. రక్త పరీక్ష బాగున్నా మూత్రంలో సుద్ద ముందు కనిపిస్తుంది. రెండు పరీక్షలూ కావాలనటానికి ఇంతకంటే రుజువు ఏముంది?

ఎవరు చేయించుకోవాలి?

బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు... తల్లిదండ్రులకో తోబుట్టువులకో కిడ్నీ జబ్బు ఉన్నవారు... మాటిమాటికీ రాళ్లు వచ్చేవారు... ఏళ్లుగా నొప్పి మాత్రలు వాడుతున్నవారు... గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగి ఇబ్బంది పడ్డ స్త్రీలు... 60 ఏళ్లు దాటినవారు ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. పెద్దవాళ్లలో వచ్చే టైప్-2 షుగర్ అయితే గుర్తించిన రోజే మొదలుపెట్టాలి. ఎందుకంటే షుగర్ బయటపడేసరికే అది ఒంట్లో ఉండి కొన్నేళ్లు అయి ఉండొచ్చు.

కాపాడుకోవటం మన చేతిలోనే

• బీపీని 130/80 లోపు, మూడు నెలల షుగర్ సగటును చాలామందిలో 7 దగ్గర ఉంచుకోవాలి. వయసును, ఇతర జబ్బులను బట్టి డాక్టర్ ఈ లక్ష్యాలను మారుస్తారు.

• సుద్ద పోతున్నవారికి టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వంటి మందులు జల్లెడ మీద ఒత్తిడి తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా జబ్బు ముదరకుండా కాపాడతాయని రుజువైంది. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగొచ్చు. అది చూసి సొంతంగా మానెయ్యొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం వెంటనే డాక్టర్ని అడగండి. కొద్దిరోజులు ఆపాల్సి రావొచ్చు.

• మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగటం కిడ్నీలకు పెద్ద ముప్పు. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. నొప్పికి తగిన మోతాదులో పారాసిటమాల్ మేలు. ఏం కలిపారో తెలియని పొడులు, భస్మాలూ వద్దు. వాటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉండొచ్చు.

• ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను మించకూడదు. కూరలో తగ్గించి, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చిప్సు తింటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు తక్కువ సోడియం ఉప్పు వాడకూడదు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

• మూత్రం లేత పసుపులో వచ్చేలా నీళ్లు తాగితే చాలు. ఎండలో పనిచేసేవారికి, రాళ్ల సమస్య ఉన్నవారికి ఎక్కువ కావాలి. 'నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు కడిగేస్తాయి' అన్నది అపోహ. వాపు, ఆయాసం ఉన్న రోగికి బిందెలకొద్దీ నీళ్లు, కొబ్బరినీళ్లు పట్టిస్తే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

రంగు చెప్పే సంగతులు

రంగు మారిందనగానే కిడ్నీ జబ్బు కాదు. బి-కాంప్లెక్స్ వేసుకుంటే ముదురు పసుపు, క్షయకు వాడే రిఫాంపిసిన్‌తో నారింజ ఎరుపు, బీట్‌రూట్ తింటే గులాబీ రంగు వస్తాయి. ఆవనూనె రంగులో వచ్చి, కళ్లు కూడా పచ్చబడితే కామెర్లు. పాలలా తెల్లగా వస్తే కైలూరియా. బోదకాలు వ్యాధి ఉన్న ప్రాంతాల్లో దీన్ని చూస్తుంటాం. పిల్లలకు గొంతు నొప్పో, చర్మం మీద పుళ్లో వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు టీ రంగులో మూత్రం, పొద్దున్నే ముఖం ఉబ్బటం ఉంటే నెఫ్రైటిస్ కావొచ్చు. అదే రోజు చూపించాలి.

ఆలస్యం చెయ్యకూడని లక్షణాలు

• మూత్రం పూర్తిగా ఆగిపోవటం, లేదా పొత్తికడుపు ఉబ్బి ఎంత ముక్కినా రాకపోవటం.
• రాయి ఉన్నవారికి చలి జ్వరం రావటం. అడ్డంకికి ఇన్ఫెక్షన్ తోడైతే గంటల్లో ప్రమాదం.
• నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం. ఒక్కసారి పడి ఆగినా సరే... ముఖ్యంగా 40 దాటినవారూ, పొగతాగేవారూ మూత్రాశయ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.
• కాళ్లు, ముఖం వాచి, పడుకుంటే ఊపిరాడకపోవటం.
• పాము కాటు, తీవ్రమైన విరేచనాలు, జ్వరం తర్వాత మూత్రం బాగా తగ్గిపోవటం. ఇలా ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీలు వెంటనే చికిత్స అందితే చాలాసార్లు కోలుకుంటాయి. వీరికి డయాలసిస్ అవసరమైనా అది ఎక్కువగా కొన్నిసార్లతో సరి. 'ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదు' అన్న భయంతో వద్దని వెళ్లిపోవటం వల్ల పోయే ప్రాణాలున్నాయి.

చివరిగా ఒక్క మాట. పోయిన నెఫ్రాన్‌ను ఏ మందూ తిరిగి తీసుకురాలేదు. ఉన్నవాటిని నిలబెట్టటానికి మాత్రం ఈరోజు మంచి మందులున్నాయి. అవి పనిచెయ్యాలంటే జబ్బు తొలిదశలోనే పట్టుబడాలి. ఇంట్లో అమ్మకో, నాన్నకో, అత్తయ్యకో, మామయ్యకో బీపీ, షుగర్ ఉంటే ఈ వారం ఒక పని చెయ్యండి. వారి పాత రిపోర్టులన్నీ తీసి, తేదీల వారీగా క్రియాటినిన్ అంకెలు ఒక కాగితం మీద రాయండి. గత ఏడాదిలో పరీక్ష లేకపోతే రేపే చేయించండి. ఏసీఆర్ ఎప్పుడూ చేయించలేదని తేలితే అదీ చేయించండి. మూత్రం బాగానే వస్తోందన్న ధీమాతో ఇంకో ఏడాది గడపొద్దు.